వెళ్ళినవాడికే కాగితాలున్నాయి

ఒరేయ్,

ఫోనులో సగం చెప్పి పెట్టేశానని తిట్టుకునే ఉంటావు. మిగతా సగం ఇదిగో.

మా ముత్తాతకు అన్న ఒకడుండేవాడనీ, చెరుకు తోటల పనికని ఓడెక్కి మళ్ళీ రాలేదనీ మా నాయనమ్మ చెబుతుంటే నువ్వు కట్టుకథ అని కొట్టిపారేసేవాడివి. ఇప్పుడు అలా అనలేవు. ఆయన వెళ్ళింది దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు లక్షన్నర మందికి పైగా కూలి ఒప్పందం మీద అక్కడికి వెళ్ళారు. మద్రాసులో ఎక్కినవాళ్ళలో మన విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్ళు బాగా ఉన్నారు.

ఓడ ఓడకూ జాబితా రాసి పెట్టారురా! మనిషికో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు ఎన్ని అంగుళాలు, ఒంటి మీద మచ్చ ఎక్కడ, ఏ తోట యజమానికి అప్పగించారు... ఇంత రాసినవాళ్ళు ఇంటిపేరు మాత్రం అడగలేదు. అప్పన్న, తండ్రి పేరు సన్యాసి అని వెతికాను. ఉత్తరాంధ్రలో రాయి విసిరితే అప్పన్నకే తగులుతుందని నీకు చెప్పాలా? పైగా గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే ఇంగ్లీషులో అలా రాసుకున్నాడు. అటువైపు వారసులను పట్టుకుందామన్నా మన ఇంటిపేరు పనికిరాదు. తండ్రి పేరో తాత పేరో అక్కడ ఇంటిపేరైపోయింది. డర్బన్‌లో అప్పలస్వామి అనేది ఈనాటికీ ఇంటిపేరే.

నన్ను ఒడ్డున పడేసింది ఆ నంబరు. అది మనిషిని వదలదు. జాబితాలో ఉన్న నంబరే ఆయన చనిపోయాక ఆస్తి లెక్కలకు తయారుచేసిన కాగితంలోనూ కనిపించింది. అందులో భార్య పేరు, పిల్లల పేర్లు, కొద్దిపాటి సామాను విలువ ఉన్నాయి. ఆ సామాను పట్టిక చదువుతూ చాలాసేపు కూర్చుండిపోయాను.

ఎందుకు తిరిగి రాలేదన్నది మా ఇంట్లో పాత తగువు. ఒప్పందం అయిదేళ్ళు. నెలకు పది షిల్లింగులతో మొదలై ఏడాదికొక షిల్లింగు పెరిగేది. పదేళ్ళు ఉంటే తిరుగు ఓడ ఖర్చు వాళ్ళదే. ఒప్పందం తీరాక ఇంటికీ వెళ్ళకుండా, మళ్ళీ కూలికీ కుదరకుండా అక్కడే ఉంటామంటే, 1895లో చేసిన చట్టం ప్రకారం ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. పౌనుకు ఇరవై షిల్లింగులు, మొదటి ఏడాది కూలితో లెక్కేస్తే ఆరు నెలల సంపాదన! తరువాత పదహారేళ్ళ మగపిల్లలకూ పదమూడేళ్ళ ఆడపిల్లలకూ కూడా వేశారు. అక్కడి భారతీయ కూలీలు 1913లో చేసిన సమ్మె తరువాత, 1914లో గానీ ఆ పన్ను పోలేదు. అంత పన్ను పడుతున్నా అక్కడే ఉన్నాడంటే, ఇక్కడి సంగతి అంతకన్నా బాగులేదనే నా అభిప్రాయం. మా పెద్దనాన్న ఒప్పుకోడు, పెళ్ళాం రానివ్వలేదంటాడు.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. వెళ్ళిపోయిన మనిషి ఎత్తు తెలుసు, కాలి మీద మచ్చ తెలుసు. ఇక్కడే ఉండి దున్నిన మా సొంత ముత్తాత పేరున చీటీ ముక్కయినా లేదు. ఊరు విజయనగరం జమీందారీ కింద ఉండేది. రైతు కట్టిన శిస్తు జమీందారు లెక్కల్లో చేరేది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాకే సర్కారు దస్త్రాల్లోకి మావాళ్ళు ఎక్కారు, అప్పటికి ఆయన లేడు.

ఇక నీ పని. కులం, తండ్రి పేరు, వయసు అన్నీ సరిపోయాయి, ఊరొక్కటే తేలలేదు. జాబితాలో రాసింది పైకి చదివితే మీ అత్తగారి ఊరి పక్కనున్న శివారులా వినిపిస్తోంది. దానికి పాత పేరేమైనా ఉండేదా అని మీ మామగారిని అడుగు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూద్దాంలే అని నాన్చకు, ఈ ఆదివారమే ఫోను చెయ్యి.

నీ
పాత బెంచీవాడు