వార్షిక నివేదిక: చూసినవాళ్లు ఉండగానే రాసిపెట్టుకుందాం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పనులన్నీ దాదాపు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. యుద్ధంలో ప్రాణాలకు తెగించిన మామూలు సిపాయిల్లో కొందరికే గుర్తింపు దొరుకుతుంది, మిగతావాళ్ల ఊసే ఉండదు. ఎందుకని? నెలనెలా కూర్చుని పాత ప్రశంసాపత్రాలు చదివాం, రిటైరైన జవాన్లతో మాట్లాడాం. పతకం రావడానికి ధైర్యం ఒక్కటే చాలదని తెలిసింది. ఆ పనిని కళ్లారా చూసినవాళ్లు ఉండాలి, వాళ్లు బతికి బయటపడాలి, పైఅధికారి సిఫారసు రాయాలి, ఆ కాగితం ఎక్కడా ఆగకుండా పైదాకా వెళ్లాలి. మధ్యలో ఎక్కడ ఆగినా ఆ మనిషి కథ అక్కడితో సరి.

మొదటి సమావేశంలో డోరిస్ మిల్లర్ గురించి చెప్పుకున్నాం. 1941 డిసెంబరు 7న అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసినప్పుడు ఆయన వెస్ట్ వర్జీనియా యుద్ధనౌకలో భోజనశాల పనివాడు. నల్లజాతివాళ్లకు అమెరికా నౌకాదళంలో అప్పట్లో అలాంటి పనులే ఇచ్చేవాళ్లు. గాయపడ్డవాళ్లను మోసుకెళ్లాడు. తనకెవరూ నేర్పని మెషిన్ గన్ అందుకుని విమానాల మీద కాల్చాడు. మొదట ప్రకటించిన ప్రశంసల్లో ఆయన పేరు లేదు, ఎవరో నల్లజాతి మనిషి అని మాత్రమే ఉంది. నల్లజాతి పత్రికలు పట్టు వదలకుండా అడిగితే గానీ ఆ పేరు బయటికి రాలేదు. 1942 మేలో నౌకాదళ శౌర్య పతకం నేవీ క్రాస్ ఇచ్చారు. మరుసటి ఏడాదే ఇంకో ఓడలో ప్రాణాలు కోల్పోయాడు.

హెన్రీ జాన్సన్ విషయం చదివిన రోజు గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. రైల్వే స్టేషన్లో సామాన్లు మోసి బతికిన మనిషి. 1918 మేలో ఒక రాత్రి, ఫ్రాన్స్‌లో కాపలా కాస్తుండగా జర్మన్లు మీదపడ్డారు. తుపాకీ పనిచేయకపోతే దాన్నే తిరగేసి కొట్టాడు, ఆ తర్వాత కత్తి దూశాడు. గాయపడ్డ తోటివాణ్ని ఈడ్చుకుపోతుంటే అడ్డుపడి విడిపించాడు. ఫ్రాన్స్ వెంటనే పతకమిచ్చింది. సొంత దేశం అమెరికా తన అత్యున్నత శౌర్య పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది 2015లో. ఆయన 1929లోనే పోయాడు.

టెడ్డీ షీన్‌కు పద్దెనిమిదేళ్లు. 1942 డిసెంబరు 1న ఆస్ట్రేలియా ఓడ ఆర్మిడేల్ మునిగిపోతుంటే అందరినీ ఓడ విడిచి వెళ్లమన్నారు. అప్పటికే గాయపడ్డ ఈ కుర్రాడు తిరిగి తుపాకీ దగ్గరికి వెళ్లి, తనను దానికి కట్టేసుకుని, నీళ్లలో ఉన్న తోటివాళ్ల మీదికి వస్తున్న విమానాలను కాలుస్తూనే ఉన్నాడు. ఓడ నీళ్లలోకి దిగిపోతున్నా తూటాలు పైకి లేస్తూనే ఉన్నాయని బతికినవాళ్లు చెప్పారు. అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ 2020లో వచ్చింది, అదీ కుటుంబం దశాబ్దాల తరబడి పోరాడితే.

విక్టోరియా క్రాస్‌ను స్థాపించిన 1856 నాటి బ్రిటిష్ శాసనంలోనే ఒక మంచి నియమం ఉంది. దళమంతా సమానంగా ధైర్యం చూపితే, ఎవరికివ్వాలో మామూలు సిపాయిలు కూడా తమలో తామే ఎన్నుకోవచ్చు. పక్కన నిలబడి పోరాడినవాడి మాటకు అంత విలువ ఇవ్వడం నాకెంతో నచ్చింది.

ఈ ఏడాది మేం చేసిన అసలు పని జ్ఞాపకాలు రికార్డు చేయడం. సైన్యంలో సమాచారం చేరవేసే సిగ్నల్స్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మూడుసార్లు పిలిస్తే వచ్చారు. "నేనేం చేశాను బాబూ, తీగలు అతికాను" అన్నారు. గుండ్లు పడి ఫోన్ లైన్ తెగితే ఇద్దరు వెళ్లి బాగుచేయాలి. దీపం వెలిగించకూడదు. తీగను గుప్పిట్లో జారవిడుస్తూ, అది అయిపోయేదాకా చీకట్లో నడవాలి. తెగిన రెండో కొస కోసం నేలంతా చేతులతో తడమాలి. దొరికాక పైతొడుగును పళ్లతో ఒలిచి, రెండు కొసలూ ముడివేసి మెలిపెట్టాలి. మేం ఇచ్చిన తీగ ముక్క తీసుకుని, కళ్లు మూసుకుని ఆ ముడి వేసి చూపించారు. వేళ్లు వణుకుతున్నా ముడి మాత్రం బిగుతుగా పడింది. ఒకే రాత్రి అలా నాలుగుసార్లు వెళ్లారట. ఆ లైన్ లేకపోతే ముందున్న దళానికి ఫిరంగుల సాయం అందేది కాదు. ఆయన పేరు ఏ పత్రంలోనూ లేదు.

పాత రికార్డుల కోసం ఒక కార్యాలయానికి రెండుసార్లు రాశాం, జవాబు రాలేదు. మళ్లీ రాస్తున్నాం. స్ట్రెచర్ మోసేవాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్ల గురించి తయారుచేస్తున్న చిన్న పుస్తకం ఇంకా పూర్తి కాలేదు, ఆలస్యానికి బాధ్యత కార్యదర్శిగా నాదే. ఆదాయ వ్యయాల లెక్కలు కోశాధికారి విడిగా పంపారు, సర్వసభ్య సమావేశానికి ముందే చూడగలరు.

మీ ఇంట్లో గానీ, తెలిసినవాళ్లలో గానీ యుద్ధం చూసిన పెద్దవాళ్లుంటే చెప్పండి. రికార్డర్ తీసుకుని మేమే వస్తాం. "మీరు ఏం చేశారు" అని అడిగితే వాళ్లు చెప్పరు, అది ఈ ఏడాది బాగా తెలిసొచ్చింది. "మీ పక్కన ఎవరున్నారు" అని అడిగితే ఆగకుండా చెబుతారు.

సిగ్నల్స్ పెద్దాయన కూడా అంతే. నాలుగోసారి తనతో వెళ్లిన జోడీ తిరిగి రాలేదని లేచి వెళ్లేముందు చెప్పారు. అతని ఇంటిపేరు ఆయనకు గుర్తు లేదు, ఊరిపేరు మాత్రం చెప్పారు. ఆ కుటుంబం కోసం వెతుకుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి