ఆదివారం రైడు మారుతోంది, తప్పు నాదే

మన సైకిలు దుకాణానికి వచ్చే అందరికీ, ముఖ్యంగా ఆదివారం ఉదయం మాతో కలిసి సైకిళ్ల మీద కొండెక్కేవారికి నమస్కారం.

వచ్చే నెల నుంచి గుంపు రైడు ఇప్పుడున్నట్టు ఉండదు. ఒక్కో గుంపులో పదిమందికి మించి తీసుకోను. రాత్రి గట్టి వాన కురిస్తే మర్నాటి రైడు రద్దు. నెలలో ఒక ఆదివారం సైకిళ్లు దుకాణంలోనే వదిలి పారలు పట్టుకుంటాం. ఎందుకీ మార్పులని అడిగినవారికి ఇన్నాళ్లూ 'ఏర్పాట్లలో కొన్ని ఇబ్బందులు' అంటూ దాటవేశాను. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

రైడు మొదలుపెట్టిన రోజు వచ్చింది ఆరుగురు. అందులో ఇద్దరు మా పనివాళ్లే. నిరుడు వేసవి నాటికి ఆ ఆరుగురు నలభైమంది అయ్యారు. ఆదివారం అంతమంది కొండ దిగితే సోమవారం మా పనిబల్ల ఎలా ఉంటుందో ఊహించుకోండి: వంగిన డిరెయిలర్ హ్యాంగర్లు (గేరు మార్చే భాగాన్ని పట్టి ఉంచే కొక్కేలు), అరిగిన బ్రేకు ప్యాడ్లు, పక్కలు చీలిన టైర్లు. నిజం చెప్పాలంటే ఆ మరమ్మతుల డబ్బుతోనే కొన్ని నెలలు దుకాణం అద్దె కట్టాను. అందుకే గుంపు చేయి దాటిపోతోందని కనిపిస్తున్నా నోరు మెదపలేదు.

రెండు నెలల కిందట మా దగ్గర సైకిలు అద్దెకు తీసుకుని ఒకావిడ మొదటిసారి రైడుకు వచ్చారు. గుంపులో చివర ఉన్నారు. ఆమె వెనక రావలసిన మా మనిషి, ఎవరిదో చైను తెగితే కలుపుతూ కింద ఆగిపోయాడు. బాట రెండుగా చీలే చోట ముందున్నవారు కాసేపు నిలబడ్డారు. ఎవరూ రాకపోయేసరికి, దారి తెలిసే ఉంటుందిలే అనుకుని కదిలారు. అలా కదిలినవారిలో నేనూ ఉన్నాను. ఆమె అక్కడికి చేరి, చక్రాల గుర్తులు ఎటువైపు ఎక్కువగా ఉన్నాయో చూసి అటే దిగారు. ఆలోచన మంచిదే, కానీ ఆ గుర్తులు ముందురోజువి. కొండకు అవతలి వైపు దిగే బాట అది, నిటారుగా, రాళ్లతో ఉంటుంది.

ముప్పావు గంట వెతికితే దొరికారు. బండ మీద కూర్చుని ఉన్నారు. దెబ్బలేమీ తగల్లేదు. పక్కన పడుకోబెట్టిన సైకిలు వెనక చక్రం బ్రేకు డిస్కు మాత్రం వేడికి నీలం రంగుకు తిరిగింది. ప్యాడ్ల మాడు వాసన ఇంకా పోలేదు. పై నుంచి కింది దాకా బ్రేకు వదలకుండా దిగారన్నమాట. నేను క్షమాపణ చెప్పబోతుంటే ఆమె అడ్డు తగిలి అడిగారు: "ఎవరినీ వెనక వదలం అని మీ తలుపు మీద రాసి ఉంది కదా, అంటే ఏమిటి?"

చివర వచ్చేవారి కోసం ఆగుతామని చెప్పాను.

"ఎక్కడ ఆగుతారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ కాగితం అంటించింది నేనే, అయినా ఆ ప్రశ్న నాకెన్నడూ తట్టలేదు.

ఇప్పుడు జవాబు ఉంది. బాట చీలే ప్రతి చోటా, ముందు నడిపే వ్యక్తి తన వెనకున్న మనిషిని అక్కడే నిలబెట్టి వెళ్తారు. గుంపంతా దాటి, చివరి మనిషి కనబడేదాకా అక్కడున్నవారు కదలకూడదు. తర్వాతి చీలిక దగ్గర వంతు ఇంకొకరిది. ఫోను సిగ్నల్ ఉందా, దారి తెలుసా అన్న లెక్కలతో పనిలేదు. గుంపు వెనక వచ్చే వ్యక్తి దగ్గర మల్టీటూల్ (పలు పనిముట్లు ఒకటిగా మడిచిన సాధనం), చైను లింకు, టైరు ప్లగ్గులు, పంపు, ప్రథమ చికిత్స పెట్టె ఉంటాయి. ఆ వ్యక్తి ఎవరికోసం ఆగినా ముందుకు కబురు వెళ్లాలి. కబురు అందకపోతే ముందువాళ్లు కదలకూడదు.

ఇంకొక చిన్న విషయం, చాలా గుంపులు చేసే పొరపాటే ఇది. ఎక్కుడు పూర్తయ్యాక ముందొచ్చినవారు పది నిమిషాలు సేదతీరుతారు. చివర వచ్చిన మనిషి చేరిన మరుక్షణం "అందరూ వచ్చేశారు, పదండి" అంటారు. అంటే అందరికంటే ఎక్కువ అలసినవారికి అసలు విశ్రాంతే దొరకదు. ఇకమీదట చివరి వ్యక్తి నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని, తానుగా సరేనన్న తర్వాతే కదులుతాం. అలా ఆగడం విసుగనిపిస్తే వేగం గుంపులోకి వెళ్లవచ్చు, మొత్తం మూడు గుంపులు పెడుతున్నాను.

ఆ నీలం డిస్కు గురించి కూడా చెప్పాలి. బ్రేకులు కాగిపోవడం మౌంటెన్ బైకింగ్ అనే ఈ కొండ సైకిలు ఆటకు పుట్టుకతో వచ్చిన బాధే. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు బరువైన పాత సైకిళ్ల మీద ఒక మట్టి దారిలో కొండ దిగే పందేలు మొదలుపెట్టారు. పెడలు వెనక్కి తొక్కితే పడే హబ్ బ్రేకులు, అంటే చక్రం నడిమి భాగంలో ఉండే బ్రేకులు వాళ్లవి. కింద చేరేసరికి హబ్బులో గ్రీజు పొగలై పోయేది, మళ్లీ గ్రీజు కూరితే తప్ప పనికొచ్చేది కాదు. గ్రీజు తిరిగి కూరడాన్ని ఇంగ్లిష్‌లో రీప్యాక్ అంటారు. ఆ పందేనికి, ఆ దారికి అదే పేరు నిలిచింది. ఇరవై ఏళ్లకు, 1996లో అట్లాంటాలో, మౌంటెన్ బైకింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. హబ్ బ్రేకులు పోయి డిస్కు బ్రేకులు వచ్చినా, బ్రేకు మీట వదలకుండా దిగితే ఇవీ కాగుతాయి. మలుపుకు ముందే గట్టిగా పట్టి వేగం తగ్గించండి, మలుపులో వదిలేయండి, డిస్కు చల్లబడుతుంది. ఈ మాట ఆవిడకు సైకిలు ఇచ్చేటప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆ ఉదయం వరసలో ఇంకా పదకొండుమంది ఉన్నారని తొందరపడ్డాను. ఇకనుంచి అద్దె సైకిలు తీసుకునే ప్రతి ఒక్కరితో దుకాణం పక్కనున్న వాలు మీద పావుగంట సాధన చేయించాకే పంపుతాం.

రెండో తప్పు వాన రోజుది. ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టింది, ఎందుకంటే దాని గుర్తు ఇంకా కొండ మీద ఉంది.

ఒక కంపెనీ ప్రతినిధి కొత్త సైకిళ్లు తెచ్చి, ఆదివారం ఎవరైనా తొక్కి చూడవచ్చన్నాడు. శనివారం రాత్రంతా వాన. పొద్దున బయటికి వచ్చి చూస్తే రద్దు చేయాల్సిందేనని తెలిసిపోయింది. కానీ ఆ సైకిళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయో, ఒకటి రెండు అమ్ముడైతే ఈ నెల గట్టెక్కుతుందేమో అనుకున్నాను. ముప్పైమందిని బంకమట్టి బాట మీదికి తీసుకెళ్లాను. వారం తర్వాత ఒంటరిగా వెళ్లి చూస్తే మధ్యలో గాడి పడి, ఎండకు కుండ పెంకులా గట్టిపడి ఉంది. చిటికెన వేలు దింపితే మొదలు దాకా మునిగింది. తర్వాతి వానకు నీరంతా ఆ గాడిలోనే పారింది. గాడిని తప్పించుకోవడానికి జనం పక్క గడ్డి మీదుగా పోయారు. రెండు మూరలైనా లేని బాట ఇప్పుడు ఎడ్లబండి పట్టేంత వెడల్పైంది.

బాటలను పాడుచేసేది చక్రమని చాలామంది అనుకుంటారు. చక్రం దారి మాత్రమే చూపుతుంది, మట్టిని మోసుకుపోయేది నీరు. మంచి బాట కొండ దిగువ వైపుకు కొద్దిగా, సుమారు అయిదు శాతం, వంగి ఉంటుంది. అప్పుడు నీరు పలచగా అడ్డంగా దాటిపోతుంది. వేలసార్లు చక్రాలు, కాళ్లు పడేసరికి మధ్య భాగం దిగి, బయటి అంచున మట్టి కట్టలా లేస్తుంది. ఇక నీరు పక్కకు పోలేక బాట వెంటే పారుతుంది. నిలువునా కొండ దిగే బాటల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. బాటలు కట్టేవారికి ఒక పాత లెక్క ఉంది: కొండవాలులో సగానికి మించి బాటవాలు ఉండకూడదు, మొత్తం మీద సగటు పది శాతం దాటకూడదు. ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసికిలింగ్ అసోసియేషన్ ఈ లెక్కనే నేర్పుతుంది. వారి సంఘం 1988లో మొదలైంది. మనం ఇష్టపడే పాత అడ్డదారిని ఈ లెక్కతో కొలిస్తే నిలవదు. అది సైకిలు కోసం కట్టినది కాదు, ఎవరో తొందరలో నడిచిన దారి.

అందుకే పారల ఆదివారం. అంచున లేచిన కట్టను చదును చేస్తాం, గాడులు పూడుస్తాం, నీరు పక్కకు మళ్లేలా అక్కడక్కడ బాటను కొద్దిగా పైకి లేపి మళ్లీ దించుతాం. స్థలం చూసుకునేవారి అనుమతి తీసుకున్నాను, వాళ్లు గుర్తుపెట్టిన చోట్ల తప్ప ఎక్కడా పార వేయం. కొత్త బాటలు తవ్వడం, మలుపుల మధ్య అడ్డదారులు తొక్కడం పూర్తిగా బంద్.

వాన విషయంలో మీ చేతిలోనే పరీక్ష ఉంది. మట్టి పిడికిట్లో పట్టి నొక్కండి. ముద్ద కట్టి, వేళ్ల గుర్తులు నిలిస్తే వెనక్కి తిరగండి. ఇసుక కలిసిన నేల, రాళ్ల నేల నీటిని త్వరగా వదిలేస్తాయి, కొన్ని చోట్ల వాన తర్వాతే పట్టు బాగుంటుంది. అందుకే ఈ విషయంలో అన్ని బాటలకూ ఒకే మాట చెప్పలేను. ఏ ఆదివారం ఏది తెరిచి ఉందో తెల్లవారుజామున అయిదు గంటలకల్లా తలుపు మీద రాస్తాను, నమోదు చేసుకున్నవారికి సందేశం పంపుతాను. రద్దు అని చూసి మీలో కొందరికి కోపం వస్తుంది. నాకూ ఆ రోజు బేరం పోతుంది.

కరెంటు సైకిళ్ల గురించి చాలామంది అడిగారు. అనుమతి ఉన్న బాటల్లో రండి, నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఎక్కుడులో ముందుండి నడపవద్దు, మిగతావాళ్లు మీ వెనక ఊపిరాడక చస్తున్నారు. గుంపు వెనక కాపు కాయండి. వెనక్కి వెళ్లి చూసి రావడానికి బ్యాటరీ కంటే మంచి సాయం లేదు.

ఇంకొక అప్పు తీర్చాలి. ట్యూబ్‌లెస్ టైర్లు అమ్మినప్పుడు పంక్చర్ల బాధ పోయిందని ఉత్సాహంగా చెప్పాను. లోపల పోసే సీలెంట్, అంటే చిల్లులు పూడ్చే ద్రవం, రెండు నుంచి ఆరు నెలల్లో ఎండిపోతుందని, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా ఎండుతుందని అందరికీ చెప్పలేదు. నిరుటి నుంచి తీసుకున్నవారు ఎవరైనా రండి, ఈ నెలంతా సీలెంట్ ఉచితంగా పోస్తాం. టైరు కదిపి చూడండి, లోపల ద్రవం చప్పుడు రాకపోతే ఎండినట్టే. ఎండి రబ్బరు ఉండలైన పాత సీలెంట్‌ను మేమే తీస్తాం.

మరమ్మతులు మూడు రోజుల నుంచి పది రోజులకు జారాయని తెలుసు. మా మంచి మెకానిక్ ఇప్పుడు ఆదివారం గుంపును నడుపుతున్నాడు, సోమవారం అతనికి సెలవు ఇవ్వాలి కదా. బ్రేకు పనులకు మాత్రం వరుస తప్పించి ముందు చూస్తాం.

మొదటి పారల ఆదివారానికి ఏడు గంటలకు దుకాణం దగ్గర కలుద్దాం. మా దగ్గర ఆరు పారలున్నాయి, రెండు గడ్డపారలున్నాయి. పళ్లు బలంగా ఉన్న దంతె ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చి ఇవ్వండి. చేతి తొడుగులు మీవి మీరే తెచ్చుకోవాలి, అద్దె సైకిళ్ల తొడుగులు పోయినసారి ఎవరో తీసుకెళ్లారు, ఇంకా ఇవ్వలేదు.