తెల్లమచ్చ నల్లబడింది

ప్రియమిత్రమా,

ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు కోపగించుకోకు. ఇంట్లో అందరూ కులాసా, నా దగ్గు తగ్గింది, మిగతావన్నీ యథాప్రకారం. ఆ కబుర్లకు ఇక సెలవు. బియ్యం గింజల సంగతి నీకు చెబితే గాని నాకు నిద్ర పట్టేలా లేదు.

ఫొటో చూసి బియ్యం నాణ్యత తేల్చే ప్రోగ్రామ్ పనిలో ఉన్నానని చెప్పాను కదా. నల్లటి కాగితం మీద గింజలను విడివిడిగా పరిచి స్కాన్ చేస్తే పొడవు, వెడల్పు కొలవడం దానికి చిటికెలో పని. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున తీస్తే, 7 మిల్లీమీటర్ల గింజ పొడవున 80కి పైగా పిక్సెళ్లు వస్తాయి. నిండు గింజలో నాలుగింట మూడు వంతుల పొడవైనా లేనిది నూకల లెక్కలోకి పోతుంది. పరీక్ష హాల్లో నీ విరిగిన స్కేలు చేసిన ఘనకార్యం గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

చిక్కంతా తెల్లమచ్చ గింజలతోనే వచ్చింది. వెలుతురు పైనుంచి పడితే మచ్చా తెల్లగానే ఉంటుంది, మంచి గింజ మీది మెరుపూ తెల్లగానే ఉంటుంది. ఫొటోలో పిక్సెల్ వెలుగును 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) దాకా అంకెల్లో కొలుస్తారు; రెండూ ఆ 255 దాపులకు చేరేసరికి, ప్రోగ్రామ్ నిగనిగలాడే గింజలను సైతం నాసిరకంలోకి నెట్టేసింది. అప్పుడు గింజలను తెల్లటి అక్రిలిక్ పలక మీద పోసి, దాని కింద దీపం పెట్టి, పైనుంచి ఫొటో తీశాం. చూద్దును కదా, మంచి గింజ నిలువెల్లా వెలుగుతోంది, తెల్లమచ్చ మాత్రం నల్లగా మారిపోయింది! మచ్చ ఉన్నచోట పిండి రేణువులు వదులుగా పేరుకుని, నడుమ గాలి సందులు మిగిలిపోతాయి. ఆ సందుల్లో కాంతి చెదిరి వెనక్కి మళ్లుతుంది కాబట్టి పై వెలుగులో తెల్లగా, కింది వెలుగులో చీకటిగా కనిపిస్తుంది. తేటగా ఉండే గాజు పొడి చేస్తే తెల్లబడదూ, అలాగన్నమాట. గింజ పాలు పోసుకునే దశలో వేడి మితిమీరితే ఈ మచ్చలు పెరుగుతాయి, మర పట్టేటప్పుడు ఇలాంటి గింజలే సులువుగా విరుగుతాయి.

అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ కొలమానం మచ్చ వైశాల్యం 10 శాతం లోపా, 20 శాతం దాటిందా అని అడుగుతుంది. నల్లబడిన పిక్సెళ్లను లెక్కిస్తే దానికి జవాబు దొరుకుతోంది. అన్నట్టు, మామూలుగా చూస్తే కంటికి ఆనని అడ్డపగుళ్లు కూడా ఆ వెలుగులో సన్నటి గీతలై బయటపడ్డాయి. అంటే విరగబోయే గింజను విరగకముందే... సరే, దాని మీద ఇంకా ఆలోచించాలి. లావు గింజ దానంతటదే కాస్త చీకటిగా కనిపించడం మరో తలనొప్పి, ఒకదానికొకటి ఆనుకున్న గింజలను విడదీయడం ఇంకొకటి. ల్యాబ్‌కు తాళం వేస్తామని పిలుస్తున్నారు, ఉంటాను.

నీ మిత్రుడు