స్కోపు సంగతి తర్వాత, ముందు స్క్రూలు చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో మిలటరీ రైఫిల్‌కి తక్కువ ఖర్చులో స్కోపు (గురిని పెద్దగా చూపించే దుర్భిణి) బిగించి గురి పెంచుకోవడం ఎలాగో రాశారు. ఆ వ్యాసం చదివి నిద్ర పట్టలేదంటే అబద్ధమే గానీ, టీ చల్లారిపోయే దాకా రెండుసార్లు చదివి "వీళ్ళు పిల్లల చేత డబ్బులు తగలేయిస్తున్నారే" అని మా ఆవిడతో అన్నమాట మాత్రం నిజం. నేను 17 ఏళ్ళు సైన్యంలో చేసి వచ్చినవాణ్ణి, అందులో చాలా కాలం కొత్తగా చేరిన కుర్రాళ్ళకు రైఫిల్ నేర్పించే పనే. ఇప్పుడు గుంటూరులో ఓ చిన్న షెడ్డులో పది పన్నెండు మంది పిల్లలకు ఎయిర్ రైఫిల్, అంటే గాలి ఒత్తిడితో గుండు కొట్టే తుపాకీ, నేర్పిస్తున్నాను. కాబట్టి ఈ విషయంలో నోరు మూసుకుని ఉండలేను, క్షమించాలి.

మొదటి పేచీ ఏమిటంటే, ఆ వ్యాసంలో ఉన్నదంతా అమెరికా సంగతి. అక్కడ పాత సైనిక రైఫిళ్ళు, ఎస్‌కేఎస్ అనీ మోసిన్ నాగాంట్ అనీ, మామూలు జనం కొనుక్కుంటారు, వాటికి స్కోపులు పెట్టుకుంటారు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ఉంది, సైన్యం వాడే తూటా పడే రైఫిల్ మీకూ నాకూ లైసెన్సు మీద కూడా రాదు. మన కుర్రాళ్ళు కొంటున్నది చూడటానికి సైన్యం తుపాకీలా నల్లగా, ప్లాస్టిక్ బట్‌తో (చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే దిమ్మ) ఉండే ఎయిర్ రైఫిల్. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ళ లోపు శక్తి, లైసెన్సు అక్కర్లేదు. ఈ తేడా ఒక్క వాక్యంలోనైనా రాయాల్సింది.

పోనీ అమెరికా లెక్కలోనే చూసినా ఆ సలహా సగమే. ఎస్‌కేఎస్ మీద చవక స్కోపు పెట్టేది ఎక్కడ? రైఫిల్ పైనున్న రేకు మూత మీద. ఆ మూత శుభ్రం చేసేటప్పుడు ఊడదీసేది, బిగించినా కాస్త కదులుతూనే ఉంటుంది. కదిలే మూత మీద కూర్చున్న స్కోపు ఇవాళ ఒక చోట, రేపు ఇంకో చోట చూపిస్తుంది. స్కోపు మంచిదే కావచ్చు, కింద పీట కదులుతుంటే పైన కూర్చున్నవాడు ఏం చేస్తాడు?

ఇక మన ఊరి సంగతికి వస్తాను. కిందటి నెల విజయవాడ నుంచి ఒకాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. ఇంటర్ చదువుతున్న పిల్లాడు, చేతిలో ఇలాంటి రైఫిలే. 8 వేలు పెట్టి రైఫిల్, ఇంకో 5 వేలు పెట్టి స్కోపు. "మాస్టారూ, 12 రెట్లు పెద్దగా చూపిస్తుందని అమ్మినవాడు అన్నాడు, కానీ ఒక్కటీ తగలట్లేదు, ఇంకా పెద్ద స్కోపు కొనమంటారా?" అని ఆయన అడుగుతున్నారు, పిల్లాడేమో తల దించుకుని నుంచున్నాడు. 10 మీటర్ల దూరంలో కాగితం పెట్టించి 5 గుండ్లు కొట్టమన్నాను. అయిదూ కలిపి గారె అంత మేర చెదిరాయి, మినప గారె కూడా కాదు, పెళ్ళిభోజనంలో వేసే పెద్ద గారె.

నేను స్కోపు వైపు చూడలేదు. రైఫిల్ తిరగేసి బట్‌ని పట్టి ఉంచే స్క్రూలు చూశాను. ముందువైపు రెండు స్క్రూలు వేలితో తిరుగుతున్నాయి, వెనక స్క్రూ స్క్రూడ్రైవర్ పెడితే ముప్పావు చుట్టు తిరిగింది. ఇలాంటి స్ప్రింగు రైఫిల్ కాల్చిన ప్రతిసారీ లోపల పిస్టన్ ముందుకు దూకుతుంది, దాంతో తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టన్ పోయి ఆగగానే మళ్ళీ ముందుకు ఊగుతుంది. ఈ రెండువైపుల కుదుపుకి స్క్రూలు వాటంతట అవే వదులవుతాయి. మూడూ విప్పి, మళ్ళీ వదులవకుండా వాటి మరచుట్ల మీద తలో చుక్క నెయిల్ పాలిష్ వేసి (మా దగ్గర నేర్చుకునే ఒక పాప బ్యాగులో ఉంది, గులాబీ రంగు), బిగించాను. మరీ బలంగా కాదు, ప్లాస్టిక్ పగులుతుంది. తర్వాత స్కోపు క్లాంపులు చూస్తే అవి రైఫిల్ పైనున్న పట్టా మీద రెండు మిల్లీమీటర్లు వెనక్కి జారి ఉన్నాయి, గీతలు కనిపిస్తున్నాయి. అదీ ఆ కుదుపు పనే, మామూలు తుపాకుల కోసం చేసిన చవక స్కోపుల అద్దాలు ఈ కుదుపుకి లోపల వదులైపోతాయి కూడా. స్టాప్ పిన్ (జారకుండా అడ్డుపడే చిన్న మేకు) ఉన్న క్లాంపు అయితే జారదు, దానికి అయ్యే ఖర్చు స్కోపు ఖర్చులో చిన్న ముక్క.

మళ్ళీ 5 గుండ్లు. ఈసారి నిమ్మకాయంత. పిల్లాడి మొహంలో వెలుగు చూడాలి.

అప్పుడు గుండ్లు మార్చాను. ఇది ఎవరూ చెప్పరు. పైకి ఒకేలా కనిపించే పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ గుండ్లు) ఒక బారెల్‌కి (తుపాకీ గొట్టానికి) నప్పుతాయి, పక్క బారెల్‌కి నప్పవు, ఒకే కంపెనీ రైఫిళ్ళు రెండు పక్కపక్కన పెట్టినా అంతే. మూడు నాలుగు రకాల డబ్బాలు తెచ్చి ఒక్కొక్కటీ పదేసి కొట్టి కాగితం మీద పేరు రాసుకోవడం కంటే చవకైన వైద్యం లేదు. కుర్రాడు వాడుతున్నవి డబ్బాలో దొర్లి అంచులు వంకర పోయిన రకం, గోటితో తడిమితే తెలిసిపోతుంది. బారెల్‌లో కొత్త తుపాకీ నూనె అలాగే ఉంది, గాలం తాడుకి గుడ్డముక్క కట్టి నాలుగుసార్లు లాగితే నల్లగా వచ్చింది. సైన్యంలో దీన్ని పుల్‌త్రూ అనేవాళ్ళం, గుడ్డముక్కని చిందీ అనేవాళ్ళం, చిందీ తెల్లగా వచ్చేదాకా ఉస్తాద్ వదిలేవాడు కాదు.

ఇక పట్టు. ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. సైన్యంలో ఎస్‌ఎల్‌ఆర్ అనే రైఫిల్‌ని భుజంలోకి గట్టిగా లాక్కుని పట్టుకోవడం అలవాటైన చెయ్యి నాది, మొదటి ఏడాది పిల్లలందరికీ అదే నేర్పాను, ఒక్కడూ బాగుపడలేదు. స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌ని గట్టిగా నొక్కితే ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా ఊగుతుంది. ఎడమ అరచెయ్యి తెరిచి, దాని మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు ఊరికే ఆనించాలి, దాని కుదుపు దాన్ని ఊగనివ్వాలి, ప్రతిసారీ అదే చోట ఆనించాలి. ఇసుక మూట మీద పెట్టి కొడితే ఇంకా బాగా వస్తుందనుకుంటారు, దీనికి అది పనికిరాదు. పట్టు మార్చాక ఆ అబ్బాయి అయిదు గుండ్లూ రూపాయి బిళ్ళ కింద దాక్కునేలా కొట్టాడు. ఖర్చు ఒక డబ్బా గుండ్లు, ఒక గంటన్నర.

అయితే అన్నీ నల్ల చుక్కకి ఎడమ పక్కన మూడు సెంటీమీటర్ల దూరంలో పడ్డాయి. తండ్రిగారు "అయ్యో, ఇంకా తప్పే పోతోందే" అన్నారు. కోటప్పకొండ తిరునాళ్ళలో బెలూన్లు కొట్టే తుపాకీ మీకు తెలుసు కదా? అక్కడ తెలివైనవాడు మొదటి రెండు గుండ్లు వృథా చేసి అది ఎటు పోతోందో కనిపెడతాడు, తర్వాత బెలూన్‌కి కాస్త ఆ అవతల పక్కకి గురి పెట్టి వరసగా పేలుస్తాడు. ఎప్పుడూ ఒకే పక్కకి పోయే తుపాకీ మంచి తుపాకీ. ఎటు పోతుందో తెలియనిదే చెడ్డది. సైన్యంలో కూడా ముందు గ్రూపింగ్, అంటే గుండ్లన్నీ ఒకే చోట పడేలా చూడటం, ఆ తర్వాతే జీరోయింగ్, అంటే ఆ చోటుని గురి చుక్క మీదకి జరపడం. స్కోపు అక్కరకొచ్చేది ఈ రెండో పనికే. మొదటి పని అది చేయలేదు.

ఆ జీరోయింగ్‌లోనూ కుర్రాళ్ళు ఒక చోట బోల్తా పడుతున్నారు. స్కోపు మీది మీట తిప్పితే పడే ఒక్కో క్లిక్కుకి పావు ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతుని ఎంఓఏ అంటారు) అని రాసి ఉంటుంది. అంటే 100 మీటర్ల దగ్గర గుండు పడే చోటు సుమారు 7 మిల్లీమీటర్లు జరుగుతుంది. 10 మీటర్ల దగ్గర అందులో పదో వంతు, ముప్పావు మిల్లీమీటరు కూడా కాదు. మూడు సెంటీమీటర్లు జరపాలంటే 40 పైచిలుకు క్లిక్కులు తిప్పాలి. వీళ్ళు నాలుగు తిప్పి, మార్పు కనబడక, స్కోపు పాడైందని తిరిగి పంపిస్తారు. ఇంకోటి, మామూలు రైఫిల్ స్కోపులు చాలావరకు 100 గజాల దూరానికి సరిచేసి ఉంటాయి. 10 మీటర్ల దగ్గర మసకగా ఉంటుంది, కన్ను కాస్త జరిగితే గుర్తు కూడా జరిగినట్టు కనిపిస్తుంది. కొనాలనే పట్టుదల ఉంటే ముందు రింగు తిప్పి 10 మీటర్లకి ఫోకస్ చేసుకునే రకం, 4 రెట్లది చాలు. సైన్యంలో స్నైపర్లు (దూరం నుంచి గురి చూసి కొట్టేవాళ్ళు) వాడే ద్రగునోవ్ రైఫిల్ మీద ఉండే స్కోపు కూడా 4 రెట్లదే, దాంతో వందల మీటర్ల దూరం కొడతారు, మనవాళ్ళకి పెరట్లో 12 కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు తమ నంబర్ 4 సైనిక రైఫిళ్ళని స్నైపర్ రైఫిళ్ళుగా మార్చినప్పుడు కూడా, పరీక్షలో బాగా కొట్టిన వాటిని ముందు ఏరి, వాటికే స్కోపు బిగించారు.

పోటీల్లో ఆడాలనుకునే పిల్లలకైతే స్కోపు ప్రశ్నే లేదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో టెలిస్కోపు నిషిద్ధం, చిన్న రంధ్రంలోంచి చూసే సైట్ మాత్రమే. అక్కడ 10 పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రాకి బంగారం వచ్చినా, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చినా ఆ రంధ్రంలోంచి చూసే.

ఒక్క విషయంలో మాత్రం దయచేసి దిద్దుబాటు వేయండి. ట్రిగ్గర్‌ని ఆకురాయితో అరగదీసి తేలిక చేసుకోవచ్చని రాశారు. తెలియనివాడు అది చేస్తే బారెల్ మడిచి గుండు పెట్టేటప్పుడే స్ప్రింగు వదిలేస్తుంది, బారెల్ విసురుగా పైకి వచ్చి కొడుతుంది, వేళ్ళు మిగలవు. అలా బొటనవేలు చితికినవాణ్ణి నేను చూశాను. గుండు పెట్టకుండా ఊరికే కాల్చడం కూడా వద్దు, పిస్టన్ సీలు పోతుంది. డాబా మీద నుంచి పిట్టల్ని కొట్టడం గురించి వేరే చెప్పాలా, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, పక్కింటివాళ్ళ కిటికీలూ ఉన్నాయి.

విజయవాడ అబ్బాయి స్కోపు ఊడదీసి నా దగ్గరే వదిలేసి వెళ్ళాడు, అద్దంలో ఏదో గలగలమంటోంది. వచ్చే ఆదివారం పాత ఇనుప సైట్‌తో వస్తానన్నాడు, మీ విలేకరిని కూడా పంపండి, కాగితాలు అన్నీ దాచి ఉంచాను, గారె నుంచి రూపాయి బిళ్ళ దాకా.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
కొరిటెపాడు, గుంటూరు