కౌన్సెలింగ్ అంటే చీవాట్లు కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో ఓ చిన్న వార్త చదివాను. కాలేజీ ఎగ్గొట్టి పార్కులో తిరుగుతున్న కుర్రాళ్లను పోలీసులు పట్టుకుని, తల్లిదండ్రులను పిలిపించి, కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారట. మందు తాగి బండి నడిపినవాళ్లకూ కౌన్సెలింగే, ఆదివారం స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టే రౌడీషీటర్లకూ కౌన్సెలింగే, ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ సంగతి సరేసరి. ఇన్ని చోట్ల ఆ మాటను అరగదీశాక ఏ తొమ్మిదో తరగతి పిల్లాడితోనో "నాన్నా, నీకు కౌన్సెలింగ్ ఇప్పిస్తాం" అంటే వాడికి ఏం వినపడుతుంది? "ఉండు, నీ పని చెప్తాం" అని వినపడుతుంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పంతొమ్మిదేళ్లుగా బయాలజీ చెబుతున్నాను. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు, మా బడుల్లోనూ ఆ మాటకు అర్థం అదే. హెడ్మాస్టర్ గదిలో నిలబెట్టడం, అమ్మనో నాన్ననో పిలిపించడం, అక్కడున్న టీచర్లు తలో మాట అనడం, చివర్లో "ఇంకెప్పుడూ ఇలా చేయను" అని కాగితం మీద రాయించుకోవడం. ఆ తర్వాత స్టాఫ్ రూమ్‌కు వచ్చి టీ తాగుతూ "గట్టిగా కౌన్సెలింగ్ ఇచ్చాం, సెట్ అవుతాడులే" అనుకుంటాం. నేనూ అలాగే అన్నదాన్ని.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మన రాష్ట్రం కేసులోనే సుప్రీంకోర్టు 2025 జులై 25న ఒక తీర్పు ఇచ్చింది. 2023లో విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న బెంగాల్ అమ్మాయి, పదిహేడేళ్ల పిల్ల, చనిపోయింది. దర్యాప్తు సీబీఐకి ఇవ్వాలని తండ్రి ఢిల్లీ దాకా వెళ్లాడు. కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో పాటు దేశం మొత్తానికి పదిహేను మార్గదర్శకాలు పెట్టింది. వంద మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒక్కరైనా ఉండాలి. అంతకన్నా చిన్న బడులకు బయటి నిపుణులతో ఏర్పాటు ఉండాలి. టీచర్లకే కాదు, మిగతా సిబ్బందికి కూడా ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం మానాలి. చదివి నాకు చాలా సంతోషం వేసింది. కాసేపటికి భయం కూడా వేసింది, ఎందుకంటే ఉత్తర్వును అమలు చేయడం మనకు చేతకాని పనేం కాదు. ఎవరో ఒకరికి ఆర్డర్ ఇస్తారు, ఒక గదికి బోర్డు తగిలిస్తారు, రిజిస్టర్ పెడతారు, ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తారు. ఆ గదిలోకి పిల్లలెవరూ వెళ్లరు. వెళ్లినవాళ్ల పేరు సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి తరచూ కడుపునొప్పి అని ఇంటికి పోయేది. మాత్ర ఇచ్చేవాళ్లం, పంపించేవాళ్లం, అంతే. ఒకరోజు ల్యాబ్‌లో స్లైడ్లు సర్దుతూ ఉంటే తనే దగ్గరికి వచ్చింది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, ఇంట్లో గొడవలని, పొద్దున లేవాలంటేనే ఏదోలా ఉంటోందని, అరగంట మాట్లాడింది. నేను బాగానే విన్నాను. విన్నదాన్ని ఊరుకోక మధ్యాహ్నం భోజనాల దగ్గర తోటి టీచర్లకు "పాపం" అంటూ చెప్పాను. అందులో ఒకరిది ఆ పిల్ల వాళ్ల వీధే. రాత్రికి తండ్రికి తెలిసింది. మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు. వచ్చాక, పది పూర్తయ్యేదాకా, నాతో "ఎస్ మేడమ్, నో మేడమ్" తప్ప ఇంకో మాట అనలేదు. నాకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, కానీ దానితో ఆ పిల్లకు ఒరిగిందేముంది?

తర్వాత ఎప్పుడో గమనించాను, పిల్లలు ఏదైనా చెప్పబోయే ముందు అడిగేది ఒకటే ప్రశ్న: "మేడమ్, మీకు చెప్తే మా అమ్మకి చెప్తారా?" దీనికి మన విద్యాశాఖ దగ్గర జవాబు లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, చికిత్స తీసుకునేవాళ్ల వివరాలు బయటపెట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్తే అది వర్తిస్తుంది. పిల్ల ముందు చెప్పుకునేది డాక్టరుకు కాదు కదా, లెక్కల మాస్టారికో, పీఈటీకో, మధ్యాహ్న భోజనం వండే ఆవిడకో చెప్పుకుంటుంది. వీళ్లు ఏది దాచాలి, ఏది దాచకూడదు అన్నది ఒక్క పేజీలో తెలుగులో రాసి అన్ని బడులకూ పంపమని అడుగుతున్నాను. అన్నీ దాచడం కుదరదని నాకూ తెలుసు. లైంగిక వేధింపు అని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి. ప్రాణం మీదికి తెచ్చుకునే ఆలోచన ఉందని తెలిసినా ఊరుకోకూడదు. ఆ సంగతి పిల్లకు ముందే చెప్పాలి: "ఈ రెండూ అయితే నేను ఒక్కదాన్నే మోయలేను తల్లీ, ఎవరికి చెప్తానో నీకు చెప్పే చెప్తాను. మిగతావి నా దగ్గరే ఉంటాయి." ఇలా చెప్తే పిల్లలు పారిపోరు. ముందు సరే అని తర్వాత చెప్పేస్తేనే పారిపోతారు.

మానసిక ఆరోగ్యం అన్న మాటతోనూ మనకు ఇబ్బందే ఉంది. గోడ మీద "మెంటల్ హెల్త్" అని పోస్టర్ వేస్తే పిల్లలు నవ్వుతారు, ఎందుకంటే మెంటల్ అనేది వాళ్లు రోజూ తిట్టుకునే తిట్టు. మా వైపు "వాల్తేరు పంపించాలి వీణ్ని" అంటారు, హైదరాబాద్ వైపు ఎర్రగడ్డ అంటారు. పాపం ఆ ఆస్పత్రుల్లో ఎంతమంది బాగుపడి ఇంటికి వెళ్లారో ఎవరూ చెప్పుకోరు. పిల్లల దగ్గర వేరే మాటలున్నాయి: చిరాగ్గా ఉంది, మైండ్ పనిచేయట్లేదు, టెన్షన్, గుండె దడగా ఉంది, ఏదోలా ఉంది. క్లాసులో వాటితోనే మొదలుపెడితే సరిపోతుంది. డిప్రెషన్ అన్న మాట రెండో నెలలో చెప్పినా నష్టం లేదు.

కేంద్రం 2020లో ఒక కార్యక్రమం తెచ్చింది, ప్రతి ప్రభుత్వ బడి నుంచి ఇద్దరు టీచర్లను హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లుగా తీసుకుని, వారానికో గంట పదకొండు అంశాలు చెప్పించాలని. మా బడిలో ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. పుస్తకం బాగుంది. పీరియడే దొరకదు, నవంబరు దాటితే పదో తరగతి వాళ్ల పీరియడ్లన్నీ లెక్కలూ సైన్సూ మింగేస్తాయి. (ఆ మింగేవాళ్లలో బయాలజీ టీచర్ కూడా ఉంది, ఒప్పుకుంటాను.) అయినా దొరికిన నాలుగు గంటల్లో ఒక అట్టపెట్టె పెట్టి, పేరు రాయకుండా ఏదైనా అడగమన్నాను. మొదటి వారం సినిమా డైలాగులు, నా చీరల మీద రెండు జోకులు వచ్చాయి. రెండో వారం నుంచి అసలువి వచ్చాయి. కొన్ని చీటీలు ఎడమ చేత్తో రాసినట్టు వంకర టింకరగా ఉన్నాయి, కొన్ని పూర్తిగా ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో ఉన్నాయి. నోట్సులు దిద్దేది నేనే కాబట్టి చేతిరాత గుర్తుపడతానని వాళ్ల భయం.

ఎన్ని వచ్చాయన్నది ఇక్కడ రాయను. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు చేసిన 2015–16 జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. నలభై ఐదు మంది సెక్షన్‌లో ముగ్గురు అన్నమాట. మా చీటీలు చూశాక నాకు ఆ లెక్క ఎక్కువ అనిపించలేదు.

"మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?" అంటారు పెద్దవాళ్లు. ఉన్నాయండీ. గాలి సోకింది అనేవాళ్లు, తాయెత్తు కట్టించేవాళ్లు, మా పెద్దమ్మ కూతురికి పెళ్లి చేస్తే కుదురుకుంటుంది అన్నారు.

టీచర్లకు ఇంకో భయం ఉంది, శిక్షణల్లో ఎవరూ తీర్చని భయం. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే, లేని ఆలోచన మనమే పుట్టించినట్టు అవుతుందేమో అని. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, అడిగితే చాలామందికి బరువు దిగుతుంది. దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తుంది. నాకు ఉద్యోగంలో చేరిన పదిహేనేళ్లకు గానీ తెలియలేదు.

మీకు కూడా ఒక విన్నపం. ప్రతి ఏడూ ఇంటర్ ఫలితాల మర్నాడు పత్రికలు తెరవాలంటే నాకు చేతులు రావు. 2019లో తెలంగాణలో ఫలితాల్లో తప్పులు దొర్లి గందరగోళమైనప్పుడు ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు, ఆ వారమంతా మా పదో తరగతి పిల్లలు ఆ ఫొటోలే చూశారు. ఇలాంటి వార్తలను ప్రముఖంగా వేయొద్దని, ఎలా చేసుకున్నారో వివరించొద్దని ప్రెస్ కౌన్సిల్ అదే ఏడాది చెప్పింది. "మార్కులు తక్కువ వచ్చాయని" అని ఒక్క ముక్కలో కారణం తేల్చేయకండి, అన్నే మార్కులు వచ్చిన పిల్లలు కూడా ఆ రోజు పేపరు చదువుతుంటారు. దాని కింద 14416 నంబరు వేయండి. మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే సర్కారు హెల్ప్‌లైన్ అది, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో మొదలైంది, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అయితే ఆ నంబరును మా బడి గోడ మీద రాయించాక ఒక కుర్రాడు అడిగాడు, "దీనికి ఎక్కడ్నుంచి చేయాలి మేడమ్?" అని. బడిలోకి సెల్ తేకూడదు. ఇంట్లో సెల్ నాన్న జేబులో ఉంటుంది. బడిలో ఉన్న ఒక్క ఫోన్ హెడ్మాస్టర్ గారి బల్ల మీద ఉంది, ఆయన ఎదురుగా నిలబడి మాట్లాడాలి. కౌన్సెలర్ పోస్టులు ఎప్పుడొస్తాయో రానివ్వండి, ఈలోగా ప్రతి బడిలో తలుపు వేసుకోగలిగిన ఒక మూల, అందులో ఒక ఫోన్ పెట్టమనండి. మండలానికి ఒక్క సోషల్ వర్కర్ అయినా సరే, ఫలానా వారం వస్తారని పిల్లలకు తెలిసేలా రమ్మనండి, ఆవిడ దగ్గరికి వెళ్లడానికి క్లాస్ టీచర్ సంతకం అడగొద్దనండి.

నా పేరు, ఊరు దయచేసి వేయకండి. ఉద్యోగం గురించి భయపడి కాదు. ల్యాబ్‌లో నాతో మాట్లాడిన ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, వాళ్లింట్లో మీ పేపరే తెప్పిస్తారు.

– ఒక బయాలజీ టీచర్, ఉత్తరాంధ్ర