కమాను సరే, మార్కెట్‌ను నడిపినవాళ్ల సంగతేమిటి?

సంపాదకులకు,

మన విశాఖ పాతవూరి కట్టడాల మీద పత్రికల్లో ఏ వ్యాసం వచ్చినా కురుపాం మార్కెట్ ఫొటో ఒకటి పడుతుంది. 1914 నాటిది, జమీందార్ల పేరు, కమాను చూడండి ఎంత బాగుందో, అంతే, అక్కడితో సరి. కట్టించినవాళ్ల పేరు ఉండాల్సిందే, కాదనను. కానీ మార్కెట్ అన్నాక కట్టేస్తే సరిపోదు కదా, రోజూ నడపాలి. ఆ రోజుల్లో మార్కెట్లు చూసుకున్న మునిసిపల్ ఉద్యోగి మాత్రం ఏ వ్యాసంలోనూ కనబడడు.

అతని పని చిన్నదేం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో మన ఊళ్లకి 1884 నాటి జిల్లా మునిసిపాలిటీల చట్టం ఉండేది, తర్వాత 1920లో ఇంకొకటి వచ్చింది. దాని ప్రకారం మార్కెట్లో ఆశీలు, అంటే అమ్ముకునేవాళ్ల దగ్గర తీసుకునే రుసుము, వసూలు చేయొచ్చు, ప్రైవేటు మార్కెట్‌కి లైసెన్సు ఉండాలి, పాడైన చేప, మాంసం కనిపిస్తే స్వాధీనం చేసుకోవచ్చు. కాగితం మీద ఇవన్నీ పైవాళ్ల అధికారాలు, తెల్లవారుజామున బురదలో నిలబడి చేయాల్సింది మాత్రం కింది ఉద్యోగి. ఫ్రిజ్ లేని కాలం, పొద్దున పట్టిన చేప మధ్యాహ్నానికి మారిపోతుంది, మొప్ప ఎత్తి రంగు చూసి "ఇది అమ్మకు" అనాలి, అంటే గంప దించిన ఆవిడ ఊరుకుంటుందా!

పైగా అప్పటికి కిలోలు లేవు, మెట్రిక్ తూకాలు 1958 నుంచే కదా. కూరలకి వీశె, అంటే 120 తులాలు, 8 వీశెలైతే మణుగు. గింజలకి కుంచం, అడ్డ, సోల, గిద్ద అనే కొలపాత్రలు. కుంచం అడుగు లోపలికి నొక్కి ఉంటే కొన్నవాడు మునుగుతాడు, బయటికి ఉబ్బి ఉంటే అమ్మిన రైతు మునుగుతాడు. చెయ్యి పెట్టి తడిమి చూస్తే గానీ తెలియని మోసం అది.

ఆ చట్టమే ఇంకో దారి కూడా తెరిచింది, ఆశీలు వసూలుని వేలం పాటకి ఇచ్చేయొచ్చు. మునిసిపాలిటీకి డబ్బు గ్యారంటీ, టెన్షన్ లేదు. మరి పాటలో ఎక్కువ పెట్టినవాడు ఆ ఎక్కువంతా ఎవరి దగ్గర రాబట్టుకుంటాడు? నన్నడిగితే గొడవంతా ఇక్కడే ఉంది, పాటదారుడికి తూకంతో పనిలేదు, మొప్పతో పనిలేదు, డబ్బుతోనే పని.

ఈమధ్య ఒక మార్కెట్లో (పేరెందుకులెండి) ఆనపకాయలు తెచ్చుకున్న ఒక ముసలమ్మ దగ్గర ఓ కుర్రాడు డబ్బు తీసుకుని చీటీ ఇచ్చాడు. "నిన్న ఇంత లేదు కదా బాబూ" అంటే "నిన్న గంప చిన్నది" అన్నాడు. చీటీ తీసుకుని చూశాను, నంబరు లేదు, తేదీ లేదు, ఏదో స్టాంపు వేసిన మరక ఉంది. ఎవరికి చెప్పుకోవాలమ్మా అని అడిగితే పక్క దుకాణంవాళ్లు నవ్వారు.

అమెరికాలోని సియాటిల్‌లో ఉల్లి ధర విపరీతంగా పెరిగి జనం గోల పెడితే, దళారుల్ని తప్పించాలని థామస్ రెవెల్ అనే కౌన్సిలరు పట్టుబట్టి 1907 ఆగస్టు 17న పైక్ ప్లేస్ మార్కెట్ తెరిపించాడు. అక్కడ మార్కెట్ మాస్టర్ అని ఉంటారు, ఇవాళ్టికీ పొద్దున్నే పేర్లు పిలిచి ఎవరు ఎక్కడ కూర్చోవాలో అందరి ముందే తేలుస్తారు. పెద్ద టెక్నాలజీ ఏం కాదు, ఒక మనిషి, ఒక జాబితా. అంత దూరం ఎందుకు, 1999లో మనకి రైతుబజార్లు వచ్చినప్పుడు ఎస్టేట్ ఆఫీసర్లని పెట్టారు, ధరల బోర్డు పెట్టారు.

మామూలు మార్కెట్లకీ అలాంటి అధికారి ఒకరు ఉండాలి, పేరూ ఫోన్ నంబరూ గేటు దగ్గర రాసి ఉండాలి, పక్కనే గంపకెంత, బండికెంత అనేది కూడా. పాత ఆశీలు పుస్తకాలు ఏ బీరువాలోనైనా మిగిలి ఉంటే చెదలు తినకముందే స్కాన్ చేయించండి. ఇక చీటీ మీద నంబరు, తేదీ తప్పనిసరి అని వచ్చే పాట షరతుల్లోనే రాయొచ్చు, దానికి కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు.

ఒక పాఠకుడు,
అల్లిపురం, విశాఖపట్నం