ఆ కాగితం కింద సంతకం

చిరంజీవి సౌభాగ్యవతి సునీతకు,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను, మీ నాన్న, జేజి అందరం క్షేమం. అల్లుడుగారు, చంటోడు, నువ్వు క్షేమమని తలుస్తాను. తలుస్తాను అని ఎందుకు రాశానంటే నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. నేను చేస్తే "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అని మెసేజ్ వస్తోంది. మీటింగులు ఉంటాయి, కాదనను. ఉత్తరమైతే నీకు తీరినప్పుడు చదువుకుంటావు, నేను చెప్పేది మధ్యలో ఆగిపోదు, అందుకని రాస్తున్నా.

థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుంటున్నావా? కాఫీ తాగాక వేసుకుంటే పని చెయ్యదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పింది! చంటోడి జలుబు తగ్గిందా? రాత్రిపూట ఏసీ వాడి మీదికి తిప్పి పెట్టకు.

మనూరి కబురు ఒకటి చెప్పాలి. మీ బాబాయి ఈసారి నాలుగెకరాలు కౌలుకు తీసుకుని మినుము వేశాడు. సరిగ్గా పూత మీద ఉన్నప్పుడు మూడు రోజులు వాన పట్టి మొత్తం రాలిపోయింది. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు పాసుబుక్కు ఎవరి పేరున ఉందని అడిగారు. పొలం గలాయన పేరున ఉంది. కౌలు రైతులకు కార్డులివ్వాలని 2011లోనే చట్టం వచ్చింది. 2019లో ఇంకోటి వచ్చింది, దానికి పొలం గలాయన సంతకం పెట్టాలి. పదకొండు నెలల కాగితమే, అయినా పెడితే పొలం చెయ్యి దాటిపోతుందేమోనని ఆయన భయం. మీ బాబాయి ఆ ఒక్క సంతకం కోసం మూడుసార్లు నెల్లూరు బస్సెక్కి పోయి ఉత్త చేతులతో వచ్చాడు. విత్తనాలు, మందులు, దుక్కి అన్నీ బాబాయివి, నష్టపరిహారం మాత్రం నెల్లూరులో ఫ్యాను కింద కూర్చున్నాయనకు పోతుంది. వడ్డీకి తెచ్చిన డబ్బు ఎట్లా కడతాడో తెలీదు. నువ్వేమన్నా సర్దగలిగితే సర్దు. అది నీ ఇష్టం, నేను సర్దమన్నానని వాడికి చెప్పకు.

అవునే, మీ బ్లాకులో లిఫ్టులు ఎన్ని? పోయిన దసరాకు వచ్చినప్పుడు నేను అద్దం ఉన్న లిఫ్టులోనే ఎక్కాను, ఇంకోటి ఉందని చూసుకోలేదు. మీ ఇంట్లో అంట్లు తోమే లక్ష్మి ఎందులో వచ్చేదో కూడా గమనించలేదు. పొద్దున ఆరున్నరకల్లా పదకొండో అంతస్తులో తలుపు కొట్టేది, అంతవరకే నాకు తెలుసు. ఆమె మోకాళ్ళ నొప్పులు ఎట్లా ఉన్నాయి?

సరే, అది తర్వాత చెప్తాను. మొన్న పెట్టె సర్దుతుంటే పొదుపు గ్రూపు మొదటి పుస్తకం దొరికింది. అట్ట చెదలు తిన్నాయి, లోపల నా రాత మాత్రం బాగానే ఉంది. 1991లో మన జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు రాత్రి బడిలో నేర్చుకున్న రాత అది. నా పేరు మొదటిసారి పలక మీద రాసుకున్న రోజు చేతికంటిన సుద్ద కడుక్కోబుద్ధి కాలేదు. తర్వాత ఏడాది దూబగుంటలో రోశమ్మ వాళ్ళు సారా దుకాణం మూయించారని తెలిసి మన ఆడవాళ్ళూ లేచారు. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా బంద్ అయింది. మీ నాన్న ఆ తర్వాత కూడా ఎక్కడెక్కడికో పోయి తాగొచ్చిన రోజులున్నాయి, అవి ఇప్పుడెందుకు. తాగుడుకు పోయే డబ్బులో రోజుకు రూపాయి దాచుకుందామని పొదుపు గ్రూపులు పెట్టుకున్నాం. నెలకు ముప్పై రూపాయలు. చక్కగా రాస్తానని పుస్తకం నా చేతికిచ్చారు.

ఆ పుస్తకంలో ఒక తీర్మానం ఉంది. నీకు ఈ సంగతి నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

నీకప్పుడు మూడేళ్ళు. ఊళ్ళో గ్రూపులు, మన వాడ గ్రూపులు కలిసి నెలకోసారి స్కూలు వరండాలో మీటింగ్ పెట్టుకునేవాళ్ళం. ఒక మూల నీళ్ళ కుండ, దాని మీద మూత, మూత మీద స్టీలు గ్లాసు. ఊరివాళ్ళు ఆ గ్లాసుతో తాగేవాళ్ళు. మేం తాగాలంటే ఎవరో ఒకరు సత్తు చెంబుతో ఎత్తి పోస్తే దోసిలి పట్టేవాళ్ళం. ఎవరూ కసురుకునేవాళ్ళు కాదు. మమ్మల్ని వదినా అనీ అక్కా అనీ పిలిచేవాళ్ళు, నవ్వుతూనే పోసేవాళ్ళు. మాకూ అలవాటైపోయింది. మోచేతుల మీదుగా కారిన నీళ్ళు చెంగుకు తుడుచుకుని మళ్ళీ లెక్కలు రాసుకునేదాన్ని. ఆ రోజు ఎండాకాలం. నువ్వు నా ఒళ్ళోంచి దిగి, తప్పటడుగులతో పోయి, గ్లాసు ముంచుకుని మూతి పెట్టి తాగేశావు. గడ్డం మీదుగా నీళ్ళు కారుతుంటే నా వైపు చూసి నవ్వావు. ఒకామె లేచి నీ చేతిలో గ్లాసు తీసుకుంది. "పసిపిల్ల, దానికేం తెలుసు" అంది. అని, బయటికి పోయి బూడిదతో తోమి, కడిగి, ఎండలో బోర్లించి వచ్చి కూర్చుంది.

అప్పుడు నేను రాస్తున్నది ఆమె గేదె లోను తీర్మానమే. నా చెయ్యి ఆగిపోయింది. రాయడం లేదేమని అడిగారు. దీనికంటే ముందు ఇంకో తీర్మానం ఉందని చెప్పి, పుస్తకంలో రాసి, పైకి చదివాను: "ఈ రోజు నుంచి మీటింగ్‌లో ఒకటే గ్లాసు. అందరూ దానితోనే తాగాలి." గొంతు వణికింది, అబద్ధమెందుకు. ఎవరూ సంతకం పెట్టలేదు. వెళ్ళిపోదామంటే లోన్లన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి, ఉందామంటే గ్లాసు ఉంది. పొద్దు వాలింది. పాలు పితికే వేళయింది. నువ్వు ఆకలని ఏడుపు మొదలుపెట్టావు. చివరికి ఊళ్ళో కోటమ్మ పెద్దమ్మ లేచింది. ఆమెకు చదువు రాదు. "సారా దుకాణం ముందు పది రాత్రులు ఒకే చాప మీద పడుకున్నాం. అప్పుడు అంటని మైల ఇప్పుడంటుతుందా?" అని వేలిముద్ర వేసింది. బోర్లించిన గ్లాసు తెచ్చి, నీకు తాగించి, మిగిలింది తను తాగింది. తర్వాత ఒక్కొక్కరే పెట్టారు. ఇద్దరు మాత్రం పెట్టకుండా వెళ్ళిపోయారు. ఒకామె రెండు నెలలకు తిరిగొచ్చింది. గేదె లోను ఆమె మాత్రం బతికినంత కాలం ఇంటి నుంచి సీసాతో నీళ్ళు తెచ్చుకునేది. ఆ గేదె చూలుతో పోయినప్పుడు ఇన్సూరెన్స్ కాగితాలు నేనే రాసి పెట్టాను.

ఆమె మనసు మారలేదు సునీతా. మారేదాకా ఆగి ఉంటే నేనింకా దోసిలి పట్టేదాన్నే. కుండ దగ్గర రివాజు మాత్రం ఆ సాయంత్రమే మారింది.

ఇంక దాచను. పోయిన నెల, డెలివరీ పని చేసే మన సీను మీ బ్లాకులో ఏడో అంతస్తుకు పార్సిల్ తెచ్చాడు. సెక్యూరిటీ అతను వెనక లిఫ్టుకు పొమ్మన్నాడు. అది చెడిపోయి ఉంది. ఏడంతస్తులూ మెట్లెక్కి పోయాడు. అద్దం లిఫ్టు పక్కన గోడకు కాగితం అంటించి ఉందట. పనివాళ్ళు, డ్రైవర్లు, డెలివరీ వాళ్ళు ఇందులో ఎక్కకూడదు, ఎక్కితే జరిమానా అని. కింద కమిటీ వాళ్ళ పేర్లు, సంతకాలు. మూడోది నీదట. అట అని ఎందుకు రాయడం, నేనే చూశాను. సీను ఫోటో తీసుకున్నాడు, వాడు చూపించలేదు, వాళ్ళమ్మ చూపించింది. సంతకం తెలుగులోనే పెట్టమని నీకు పదో తరగతిలో నేర్పింది నేనే, ఆ 'సు' కొమ్ము నేను గుర్తుపట్టనా? నీ తలుపు కొట్టకుండానే వెనక్కి పోయాడు వాడు. ఎందుకు కొట్టలేదురా అంటే, అక్క ఇబ్బంది పడుతుందని కొట్టలేదు పెద్దమ్మా అన్నాడు.

నువ్వు చెప్పేది కూడా ఉంటుంది. కరోనా అప్పుడు పెట్టిన రూలు అంటావేమో. అందరూ పెట్టారు కదా అని చూడకుండా పెట్టావేమో. నాకు ఇంకోటి కూడా తోస్తోంది. నువ్వొక్కదానివి పెట్టనంటే నీకెందుకంత పట్టింపు, మీదేవూరు, మీరెవరు అని అడుగుతారని భయపడ్డావేమో. ఆ భయం నాకు తెలుసమ్మా. దాని మీద నాకు కోపం లేదు. చంటోడిని పార్కులో ఎవరు ఆడించుకుంటారో, ఎవరు మానేస్తారో అన్న దిగులు తల్లికి ఉంటుంది.

కానీ ఒకటి గుర్తు చేసుకో. నువ్వు అయిదో తరగతిలో గురుకులానికి పోయింది ఎవరో జాలిపడితే కాదు. శంకరన్ గారి లాంటి ఆఫీసర్లు పట్టుబట్టి గురుకులాలు పెట్టించారు, సీట్లు మనవని కాగితం మీద రాశారు. ఇంజనీరింగ్‌లో నీ ఫీజు గవర్నమెంటు కట్టింది, అదీ రాసి ఉండబట్టే. నేను మీ నాన్నతో సమానంగా కట్ట మీద మట్టి మోసినా నాకు తక్కువ కూలే ఇచ్చేవాళ్ళు. 2007లో మన జిల్లాకు ఉపాధి హామీ వచ్చాక ఆడామగా ఇద్దరికీ ఒకటే కొలత, ఒకటే రేటు. పనుల లెక్కలు జనం ముందు సరిచూసే సోషల్ ఆడిట్ రోజు గ్రామసభలో పేరూ డబ్బూ పైకి చదివేవాళ్ళు. మేస్త్రీకి మంచితనం వచ్చి ఇవ్వలేదు కదా. ఓటు అందరికీ ఒకటే అయినా బతుకులో సమానం లేకపోతే ఆ ఓటు కూడా నిలవదని అంబేద్కర్ గారు 1949 నవంబర్‌లోనే రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ప్రతి ఏప్రిల్ 14కు మన వాడలో చెప్పుకుంటాం, నువ్వూ చిన్నప్పుడు మైకులో చెప్పినదానివే.

పాఠం చెప్పకూడదని అనుకుంటూనే మొదలుపెట్టాను, మళ్ళీ అదే అయింది.

లక్ష్మికి పాత చీరలిస్తావు, పండక్కి స్వీటు ఇస్తావు, నీ చెయ్యి మంచిదే, నాకు తెలుసు. అయితే ఆమెకు కావలసింది లిఫ్టు. మోకాళ్ళు నొప్పి పుట్టినప్పుడు, ఆ వెనక లిఫ్టు చెడిపోయినప్పుడు, ఎవరినీ అడగకుండా ఎక్కే లిఫ్టు. వచ్చే కమిటీ మీటింగ్‌లో లేచి, ఆ కాగితం తీసేద్దామని నువ్వే అను. మాటగా వదిలేయకుండా మినిట్స్‌లో రాయించు. ఒక్కరైనా తోడు వస్తారు, కోటమ్మ పెద్దమ్మ లాంటి మనిషి ప్రతి చోటా ఒకరుంటారు. రాకపోయినా నీ పేరు ఆ కాగితం మీద నుంచి తీయించుకో. వీలైతే పనివాళ్ళకు వారానికి ఒకరోజు సెలవు, ఒకటో తారీకుకు జీతం, కింద ఒక బాత్రూమ్, తాగడానికి ఫిల్టర్ నీళ్ళు, ఇవి కూడా అడుగు. వాళ్ళకు గవర్నమెంటు ఇచ్చే ఈ-శ్రమ్ కార్మిక కార్డులున్నాయో లేదో కనుక్కుని, లేనివాళ్ళకు నీ ల్యాప్‌టాప్‌లో నువ్వే చేసి పెట్టు. ఆదివారం ఒక గంట పని.

మీ నాన్నకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పను కూడా.

ఆవకాయ, గోంగూర పచ్చడి కట్టాను. గోంగూరలో కారం తగ్గించాను, నీ కడుపులో మంట కదా. చంటోడికి సున్నుండలు చుట్టాను, మీ బాబాయి పోయినేటి మినుములే. రోజుకు ఒకటి కంటే పెట్టకు. జాడీకి గుడ్డ గట్టిగా కట్టాను, నువ్వు తడి గరిటె పెట్టకుండా ఉంటే ఏడాదంతా ఉంటుంది. ఇవన్నీ సీనుతో పంపిస్తున్నా. మనూరికి వచ్చి రేపు తిరిగి పోతున్నాడు. ఆదివారం పొద్దున డ్యూటీకి పోతూ మీ దగ్గర ఇచ్చి పోతానన్నాడు. డ్యూటీ చొక్కాతోనే వస్తాడు. సెక్యూరిటీ దగ్గర వదిలేసి పొమ్మనకు. ఫోన్ చేయగానే నువ్వే కిందికి దిగు, వాణ్ణి నీతోపాటు అద్దం లిఫ్టులో పైకి తీసుకుపోయి టిఫిన్ పెట్టి పంపించు. జాడీ బరువుగా ఉంటుంది, ఒక పక్క నువ్వు పట్టుకో.

ఇట్లు
మీ అమ్మ